వేలు కాపలా

నా కాళ్ళు ఆరు నెలల పాటు పన్నెండు మందికి ఉండేవి. పోయిన ఏడాది ఈ మాట టీ బడ్డీ దగ్గర నిలబడి అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకుని మురిసిపోయాను. ఇవాళ అదే మాట రాయాలంటే సిగ్గుతో చెయ్యి ఆగిపోతోంది. అయినా రాస్తాను. దాచిపెట్టి బావుకున్నదేమీ లేదు.

నా పేరు పైడిరాజు. భీమిలి జాలరిపేటలో పుట్టాను. ఇరవై అయిదో ఏట సైనికుల క్యాంటీన్‌లో వంటకు సాయంగా హిమాలయాలకు వచ్చాను. ఎవరో విదేశీయుడు పగిలిందని వదిలేసిన స్నోబోర్డు క్యాంటీన్ వెనక పడి ఉంటే, జిగురు పెట్టి అతికించి ఎక్కాను. పాత పడవ చెక్క మీద నిలబడి కెరటాలెక్కిన కాళ్ళు కదా, మూడో రోజుకే మంచు లొంగింది. క్యాంటీన్ వాళ్ళు వెళ్ళిపోయారు, నేను ఉండిపోయాను. పెళ్ళి చేసుకుని రత్నాన్ని తెచ్చుకున్నాను. ఆమె ఇక్కడ చిన్న భోజనశాల పెట్టింది. ఈ కొండల్లో ఎండు నెత్తళ్ళ చేపల పులుసు దొరికే చోటు అదొక్కటే.

స్నోబోర్డు అంటే జెండాలు పాతిన చదును బాట మీద సరదాగా జారడం అనుకుంటారు. మాది ఆ బాపతు కాదు. బాటలేని కొండ, మోకాలి లోతు మంచు, కింద ఎక్కడ రాయి ఉందో ఎవడికీ తెలియదు. దీన్ని ఫ్రీరైడ్ అంటారు. నా బోర్డు పొడవాటిది, ముక్కు వెడల్పు, తోక చేప తోకలా చీలి ఉంటుంది. పదకొండు శీతాకాలాలు దాని మీదే తిరిగాను. మొదటి ఏడాది ఒట్టి మొండిది, నేను తిప్పితే అది తిరగనని భీష్మించేది. ఆరో ఏటికి దాని నడుం మెత్తబడింది, నా మోకాళ్ళు బిగుసుకున్నాయి, ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. అడుగున రాళ్ళు గీసిన గాట్లన్నీ ప్లాస్టిక్ కరిగించి పూడ్చినవే. ఏ గాటు ఏ కొండ మీద పడిందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

కళ్ళు మూసుకోవడం గురించే ఈ కథంతా.

మూడేళ్ళ కిందట డాక్టర్ ప్రసూన మా లోయకు వచ్చింది. గుంటూరు మనిషి. చలికి వణికేది గానీ మాట మాత్రం వణికేది కాదు. మంచు విరిగిపడి మనుషులు కూరుకుపోతే వెతికే దళం ఒకటి ఇక్కడ ఉంది. ఆ దళంలో పిల్లలకు నిటారు వాలు మీద బోర్డు నడపడం రావాలంటే పదేళ్ళు కావాలి.

"మీకు ఇరవై ఆరేళ్ళు పట్టింది పైడిరాజు గారూ. ఆ ఇరవై ఆరేళ్ళను నేను వీళ్ళకు నలభై రోజుల్లో ఇవ్వాలి," అంది.

ఇచ్చింది కూడా. ఉల్లిపొరంత పల్చటి తొడుగు ఒకటి తయారుచేసింది. అరికాలి నుంచి వెన్ను మీదుగా మెడ దాకా, ఒంటికి అంటుకుని ఉంటుంది. రెండు శీతాకాలాలు అది వేసుకుని తిరిగాను. తలకు తెలియకముందే నరాలు కండరాలకు ఏం చెబుతాయో అది రాసుకునేది. ఆ రాసుకున్నది మరో తొడుగులో పెట్టి, దాన్ని దళంలో పిల్లలకు వేసి, ఊగే బల్ల మీద రోజుకు రెండు గంటలు నిలబెడితే, తొడుగు చీమ కుట్టినంత సన్నగా వాళ్ళ కండరాలను లాగుతూ ఉంటుంది. తల నేర్చుకోదు, వెన్ను నేర్చుకుంటుంది. నలభయ్యో రోజున ఆ పిల్లలు నాలా దిగుతారు.

ఇక్కడ వేలు కాపలా గురించి చెప్పాలి. ఫ్రీరైడ్‌లో ఒకరు దిగుతుంటే రెండోవాళ్ళు పైన నిలబడి చూడాలి. మా పేటలో పడవ మీంచి మనిషి నీళ్ళలో పడితే ఒకడు వేలు చూపిస్తూ నిలబడతాడు. వాడు తెడ్డు ముట్టడు, వలను ముట్టడు. మనిషి మునిగిన చోటి మీంచి చూపు తిప్పడు, వేలు దించడు. మిగతావాళ్ళు ఆ వేలు చూసి పడవ తిప్పుతారు. ఆ పద్ధతి ఈ కొండల్లోకి తెచ్చింది నేనే. మంచు కింద పడ్డవాడి ఒంటి మీద సంకేతాలు పంపే బీకన్ ఉన్నా, వెతికేవాడి చేతిలోది దగ్గరికి వెళితేనే పలుకుతుంది. అంత పెద్ద దిబ్బలో ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేది పైనున్నవాడి వేలే. దళంలో చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజు నేను చెప్పే పాఠం అదే, చెయ్యి పడిపోయినా వేలు దించకూడదని.

పంతొమ్మిదేళ్ళ కిందట, ఎద్దుమూపురం అని మేం పిలిచే కొండ మీద, నా బావమరిది సన్నిబాబు దిగుతున్నాడు. రత్నానికి ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై నాలుగేళ్ళు. నేను పైన వేలు చాపి నిలబడ్డాను. మంచు విరిగింది. నేను వేలు దించలేదు. ఆ వేలు చూసి, వాలు మీద ఉన్న నల్లబండకు కుడి పక్కన రెండు రోజులు తవ్వారు. దొరకలేదు. జూన్‌లో మంచు కరిగాక, బండకు ఎడమ పక్క తొంభై అడుగుల దూరంలో గొర్రెల కాపరికి కనిపించాడు. మంచు లోపల్లోపలే ఈడ్చుకుపోయి ఉంటుందని చెప్పాను. అందరూ నమ్మారు.

ప్రతి ఏడూ ఆ రోజున రత్నం, వాడు మునిగిన చోటు అదేనని, నల్లబండ కుడి పక్కకు ఎక్కి, నెత్తళ్ళ పులుసూ అన్నమూ తమ్ముడికి పెట్టి వస్తుంది. వచ్చాక నా పక్కన కూర్చుని ఒకటే మాట.

"నువ్వు వేలు దించనేదు మావా. ఆడి రోజు అలగ తీరిపోనాది, నువ్వేటి సేస్తావు."

పంతొమ్మిది సార్లు అంది. పంతొమ్మిది సార్లూ నేను తల వంచుకుని విన్నాను. దుఃఖం అనుకుంది పాపం.

రెండో శీతాకాలం చివర ప్రసూన ఒక పరీక్ష పెట్టింది. మంచు పొర విరిగే ముందు కొండ కడుపులో ఎవరో తలుపు వేసినట్టు 'గుప్' మంటుంది. ఆ చప్పుడు రికార్డు చేసి, తొడుగులో ఉన్న నాకు వినిపించింది. పదిహేడు సార్లు. తరవాత తెర మీద గీతలు చూపించింది.

"చప్పుడు వినగానే మీ మెడ ఎడమకు తిరుగుతోంది. కళ్ళు మూసుకుపోతున్నాయి. సరిగ్గా నాలుగు సెకన్లు. ఆ తరవాత కుడిచెయ్యి లేచి ముందుకు చాచుకుంటోంది, కొంచెం కుడి వైపుకు. చెయ్యి లేవడం మీ ఆచారమే కదా, అర్థమైంది. ఈ కళ్ళు మూసుకోవడం ఏమిటండీ?"

పదిహేడు సార్లలో ఒక్కసారైనా తప్పలేదు. పంతొమ్మిదేళ్ళుగా రత్నానికీ, దళానికీ, నాకు నేను కూడా చెప్పుకున్న కథను ఆ గీతలు వినలేదు. ఆ రోజు చప్పుడు వినగానే నేను చూపు తిప్పేసుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నా కాళ్ళ కింద నేల కూడా పోతుందేమోనని భయపడ్డాను. తెరిచేసరికి కొండంతా తెల్లగా, ఖాళీగా ఉంది. సన్నిబాబు ఎక్కడ మునిగాడో నాకు తెలియదు. అవతలి గట్టు మీంచి మనుషులు పరుగెత్తుకొస్తూ నా వైపు చూస్తున్నారు. తెలియదని చెప్పాల్సింది. వేలెత్తి ఏదో ఒక చోటు చూపించాను. నల్లబండ కుడి పక్క.

ప్రసూన జవాబు కోసం చూస్తోంది.

"మంచు ధూళి కళ్ళలో పడకుండానండీ. పాతవాళ్ళందరికీ ఉండే అలవాటే," అన్నాను.

"ఎంత బాగుంది. మేం ఎన్నటికీ ఊహించేవాళ్ళం కాదు," అని పుస్తకంలో రాసుకుంది. నా పిరికితనానికి నేత్రరక్షణ అని పేరు పెట్టి, తీసెయ్యవలసినదాన్ని అలాగే ఉంచింది. ఆ ఒక్క ముక్క అప్పుడు చెరిపెయ్యడం తేలికేనట. తరవాత చెప్పింది.

తొడుగు వేసుకున్న పన్నెండు మందిలో మొదటి పేరు నా కూతురు కనకది. ఇరవై మూడేళ్ళు. బోర్డు మీద దానికి అంతంత మాత్రంగా ఉండేది, నా కూతురై ఉండి రాలేదని కుమిలిపోయేది. నలభై రోజులయ్యాక తూర్పు వాలు మీద దిగుతుంటే కింద నిలబడి చూశాను. మలుపు దగ్గర కుడి భుజం కొద్దిగా జారడం, వెనక కాలు ఆలస్యంగా తొయ్యడం, రాయి వాసన తగిలినట్టు ముందే పక్కకు ఒరగడం, అన్నీ నావే. నాకు ఏడుపొచ్చింది. నా ఇరవై ఆరేళ్ళూ వృథా పోలేదనిపించింది.

భోజనశాలలో ఇంకో వినోదం. పన్నెండు మందీ బల్ల దగ్గర్నుంచి లేస్తూ ఎడమ మోకాలి మీద చెయ్యి వేసి మూలిగేవారు. ఇరవై ఏళ్ళవాళ్ళకు నా యాభై ఏళ్ళ మోకాలు వచ్చింది. రత్నం గరిటె పట్టుకుని పగలబడి నవ్వేది.

"ఒలమ్మ, ఆడపిల్లకి నీ వంకర నడక అంటగట్టేసినావు మావా. దీన్నెవుడు సేసుకుంటాడు?"

అందరితోపాటు నేనూ నవ్వాను. నేత్రరక్షణ సంగతి ఒక్కోసారి గుర్తొచ్చేది. వాళ్ళకు ఎప్పుడూ అవసరం పడదులే అనుకునేవాణ్ణి. మంచు కొండ మీద ఆ మాట అనుకోవడానికి ఎంత సిగ్గులేనితనం కావాలో చూడండి.

ఫిబ్రవరిలో ఒక పొద్దున్న సాధన. నోర్బు అనే కుర్రాడు దిగుతున్నాడు, పైన కనక కాపలా. నేను కింద గుడిసె దగ్గర బోర్డులకు మైనం పెడుతూ, మధ్యలో బైనాక్యులర్స్‌లో కనకను చూస్తున్నాను. కొండ గుప్ మంది.

కనక మెడ ఎడమకు తిరిగింది. కళ్ళు మూసుకుంది. నా కూతురి ముఖం మీద నన్ను నేను చూశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కళ్ళు తెరిచింది. చెయ్యి లేచింది. కొంచెం కుడి వైపుకు.

మంచు పొగ కమ్మేసి నోర్బు ఎటు పోయాడో నాకూ కనబడలేదు. కానీ ఆ వేలు అబద్ధమని ఈ ప్రపంచంలో నా ఒక్కడికే తెలుసు. దళమంతా ఆ వేలు చూసి కుడి పక్కకు పరుగెత్తింది. అలా పరుగెత్తమని నేర్పింది నేనే. ఆ వేలు నమ్మకండిరా అని ఒక్క కేక వేస్తే చాలు. ఎందుకని అడుగుతారు. నేను పార పట్టుకుని వాళ్ళతోపాటు కుడి పక్కన తవ్వాను. తొమ్మిది నిమిషాలు. తరవాత ఉండబట్టలేక, ఎవరికీ ఏమీ చెప్పకుండా, బీకన్ పట్టుకుని ఎడమ పక్కకు నడిచాను. ముప్ఫై అడుగులు వేయగానే అది పలికింది.

నోర్బు బతికాడు. కళ్ళు తెరిచి ఉన్నాయి గానీ ఎవర్నీ గుర్తుపట్టడు, మాట లేదు. పైడిరాజే లేకపోతే ఆమాత్రం కూడా దక్కేవాడు కాదని అందరూ అన్నారు. నోర్బు తల్లి ఆసుపత్రి వరండాలో వంగి నా కాళ్ళు పట్టుకుంది. ఆ కాళ్ళే. నేను వెనక్కి తీసుకోలేదు, వద్దనలేదు, కొయ్యలా నిలబడ్డాను.

కనక రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం భోజనశాల ఖాళీ అయ్యాక నా ఎదురుగా వచ్చి కూర్చుంది. రత్నం పొయ్యి దగ్గర నెత్తళ్ళు వేయిస్తోంది. మర్నాడు సన్నిబాబు రోజు.

"నాన్నా, నేను పిరికిదాన్ని. దళంలోంచి తప్పుకుంటానని ఉత్తరం రాసీసినాను."

"అలాంటివి జరుగుతాయమ్మా," అన్నాను. నా నోటికి అంతకంటే మంచి మాట దొరకలేదు.

"జరగడం కాదు. డాక్టరమ్మ సెప్పినట్టు ధూళి కోసం మూసుకోలేదు నాన్నా. భయమేసి మూసుకున్నాను. ఒళ్ళంతా భయం. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి సేసినాను. కళ్ళు తెరిసేసరికి ఆడు కనబడనేదు. తెల్దని సెప్పాలి కదా. నా వేలు దానంతటదే లేచి, నేను సూడని చోటు చూపించింది. అంత అబద్ధం నాలో ఎక్కడుందో నాకు తెల్దు. నోర్బు వాళ్ళమ్మ ముఖం ఎలాగ సూడాలి?"

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది.

ఆ ముందు రోజే ప్రసూన నాకు దారి చూపించింది. విచారణకు ముగ్గురు వస్తున్నారనీ, నేత్రరక్షణ అనే మెళకువ కాపలావాళ్ళకు పనికిరాదని రాసేస్తాననీ, కనక మీదికి ఏమీ రాదనీ చెప్పింది. "మెళకువ మంచిదే, వాడిన చోటు తప్పు. అంతే కదండీ?" అని అడిగింది. అంతేనండీ అని వచ్చేశాను. కాగితం మీద అందరూ బయటపడేవాళ్ళం. కానీ ఈ పిల్ల నా ఎదురుగా కూర్చుని, నాది తనదనుకుని మోస్తోంది. బతికున్నంత కాలం మోస్తుంది. నాకు తెలుసు, నేను పంతొమ్మిదేళ్ళు మోశాను.

"అది నీది కాదమ్మా," అన్నాను.

"మరెవలిది?"

"నాది. ఆ భయం నాది. ఆ నాలుగు సెకన్లు నావి. ఆ వేలు కూడా నాదే."

అక్కడి నుంచి ఆపకుండా చెప్పాను. ఎద్దుమూపురం, చప్పుడు, ఖాళీ కొండ, నల్లబండ. ప్రసూనతో ఆడిన అబద్ధం. నోర్బు దగ్గర తెలిసి తెలిసీ తొమ్మిది నిమిషాలు తవ్వడం. కనక నన్ను చూస్తూ ఉంది. నేను మాత్రం బల్ల మీద ఉప్పు గిన్నెను చూస్తూ చెప్పాను. అయిపోయాక కనక ఏడవడం మొదలుపెట్టింది. రెండు రోజులుగా ఏడవలేకపోయిన పిల్ల.

రత్నం పొయ్యి ఆర్పి వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది. నా పక్కన కూర్చోలేదు.

"కళ్ళు మూసుకున్నావు. సరే. మడిసికి బయవేస్తది, నాకైనా ఏస్తది. మరి వేలెందుకు సూపించినావు మావా?"

చేతి పిండి కొంగుకు తుడుచుకుంది.

"తెల్దని ఒక్క మాట అనుంటే కొండంతా ఎతికుందురు. ఎడం పక్క కూడా ఎతికుందురు. నువ్వు వేలు సూపించి ఎతక్కుండా సేసినావు. పంతొమ్మిదేళ్ళు నా సేత బండ పక్కన అన్నం పెట్టించినావు. ఆ పక్కన ఆడు ఒక్కనాడూ నేడు కదా?"

"లేడు," అన్నాను.

లోపలికి వెళ్ళిపోయింది. నెత్తళ్ళు పొయ్యి మీదే చల్లారిపోయాయి.

విచారణలో అదే మళ్ళీ చెప్పాను, ఈసారి మనుషుల ముఖాలు చూస్తూ. ప్రసూన తల పట్టుకుంది. ఒకసారి వెన్నుకు ఎక్కినదాంట్లోంచి ముక్క విడదీయడం కుదరదట. తీస్తే మొత్తం తీయాలి. పన్నెండు మందికీ తీసేశారు. వాళ్ళ మోకాళ్ళు వాళ్ళకు వచ్చేశాయి, నా ఇరవై ఆరేళ్ళు ఎటో పోయాయి. దళంలో నాకు ఇక పని లేదన్నారు. నోర్బు తల్లి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆమె తలుపు వేసేసింది. ఇప్పటికీ ప్రతి వారం వెళతాను. ఒక్కోసారి తీస్తుంది, నోర్బును ఒక పక్కకు తిప్పడానికి సాయం పట్టమని సైగ చేస్తుంది. మాట్లాడదు.

కనక ఉత్తరం చించేసింది. చిన్న వాలు మీద మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. పదడుగులకోసారి పడుతుంది, లేస్తుంది. చాలా వికారంగా దిగుతుంది. అలా దిగుతుంటే చూడడం నాకిష్టం.

రత్నం రెండు నెలలు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది. ఏప్రిల్‌లో ఒక పొద్దున్న చేతిలో గిన్నెతో గుమ్మంలో నిలబడి, "పద," అంది. ఎక్కడికని నేను అడగలేదు.

ఎద్దుమూపురం మీద మంచు ఇంకా ఉంది. పంతొమ్మిదేళ్ళ కిందట నేను నిలబడ్డ చోటికి తీసుకెళ్ళాను. రత్నం కిందికి చూసింది.

"ఆడు ఎక్కడ ములిగిపోనాడు?"

"తెలీదు రత్నం."

తల ఊపింది. కొంగు నడుంకు బిగించింది.

"నాను దిగి ఎతుక్కుంటాను. ఎక్కడనిపిస్తే అక్కడ పెడతాను. నువ్వు ఇక్కడే నిలబడు. నామీంచి వేలు తియ్యకు."

గిన్నె పట్టుకుని వాలు మీద అడుగడుగు మంచు తొక్కుకుంటూ దిగింది. నేను చెయ్యి చాపాను. నల్లబండ దగ్గర ఆగింది, కుడి పక్కకు చూడనైనా చూడలేదు. ఎడమకు నడిచింది, మళ్ళీ ఆగింది, కాస్త పైకి వచ్చింది. అంత తెలుపులో ఎర్ర చీర చింతగింజంత కనబడుతోంది. ఒక చోట కూర్చుంది.

గాలి లేచి మంచు ధూళి కళ్ళలో కొట్టింది. నిజంగానే మండుతుంది, ఆ సంగతి అబద్ధం కాదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా రెప్ప వేయడానికి భయపడ్డాను. భుజం ముందు లాగింది, తరవాత వణికింది, తరవాత మొద్దుబారిపోయింది. రత్నం చాలాసేపు కూర్చుంది. ఆమె లేచి, మళ్ళీ ఎక్కి, నా పక్కకు వచ్చి, ఇక చాలు మావా అనేదాకా నేను వేలు దించలేదు.